ఒకటి నుంచి మూడో లెవెల్ దాకా

అట్ట వెనకాల చిన్నక్షరాల్లో ఉంటుంది ఎప్పుడూ:
నలుగురు నుంచి ఆరుగురు ఆటగాళ్ళు,
ఒకటి నుంచి మూడో లెవెల్ దాకా,
ముప్పై రెండు పేజీలు.
దగ్గుమందు సీసా మీద మోతాదు రాసినట్టు.

డులూత్‌లో మోకాటిలోతు మంచు పడ్డ గురువారం
ఆర్విడ్ హాపలా ఇంటి నేలమాళిగలో,
బాయిలర్ పక్కన కూర్చుని
మేం ఇంకో నేలమాళిగలోకి దిగాం.
కథ నడిపేవాణ్ణి నేను.
పగలు నాది వంతెన కాపలా,
ఇనపరాయి ఓడ కూతేస్తే ఎత్తడం, దాటిపోయాక దించడం.
ఇదీ అంతే అనుకున్నాను.
నాలుగు వారాలు, మహా అయితే ఐదు.

మూడో పేజీలో ఒక సత్రం ఉంది.
రాసినాయన దానికి ఆరు వాక్యాలు ఖర్చుపెట్టాడు.
ఒక పొయ్యి, ఒక పుకారు, ఒక వంటమనిషి.
మార్గిట్ చెయ్యెత్తింది. "ఆవిడ పేరు?"
పుస్తకంలో లేదు.
నోటికొచ్చింది అనేశాను: ఓల్డా.
ఇక చూడండి,
ఓల్డాకి ఒక చెల్లెలు, చెల్లెలికి ఒక అప్పు,
అప్పిచ్చినవాడికి ఒంటికన్ను కుక్క.
ఆ కుక్క తప్పిపోయింది.

పద్నాలుగు గురువారాలు వెతికాం.
నాలుగో పేజీలో అస్థిపంజరాలు
కత్తులు ఒళ్ళో పెట్టుకుని
కునికిపాట్లు పడుతూ కూర్చున్నాయి, మాకోసం.

డెల్బర్ట్ సణిగాడు.
డాకులో టన్నులు లెక్కరాసే మనిషి.
"కుక్కని వెతికితే లెవెల్ రాదు" అన్నాడు.
నిజమే, రాదు.
మరుసటి ఏడు ఆయనే ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు.
ఒకటి నుంచి ఇరవయ్యో లెవెల్ దాకా, రెండువందల యాభై ఆరు పేజీలు.
బల్లమీద పెడితే కాఫీ కప్పులు ఉలిక్కిపడ్డాయి.
అందులో ప్రతి పదిహేను పేజీలకీ ఎదిగి తీరాలి.
ఎదక్కపోతే తర్వాతి అధ్యాయం నమిలి మింగేస్తుంది.
పేర్లు అడగడానికి టైము లేదు.
ఎనిమిది నెలలు పరిగెత్తాం.
గుర్తుకి పెట్టిన బస్సు టికెట్
ఈనాటికీ తొంభై ఒకటో పేజీలోనే ఉంది.

సగం ధరకి కొన్న పల్చటి పుస్తకం ఇంకోటి నా మంచం పక్కన:
పది నుంచి పన్నెండో లెవెల్ వాళ్ళకి.
పదో లెవెల్ మనిషిని నేనింతవరకు చూడలేదు,
ఏ బల్ల దగ్గరా.
అయినా నిద్రపట్టని రాత్రి తీసి చదువుతాను,
మనకి వీసా ఇవ్వని దేశం రైళ్ళ టైంటేబుల్ చదివినట్టు.
డ్రాగన్ ఏ గంటకి నిద్రలేస్తుందో,
ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో
అన్నీ కంఠతా వచ్చు.

చివరికి మళ్ళీ ముప్పై రెండు పేజీల దగ్గరికే వచ్చాం.
ఎన్నేళ్ళు పట్టిందో చెప్తే నవ్వుతారు.
ఆర్విడ్ మోకాలు మార్పించుకున్నాడు మధ్యలో,
బాయిలర్ కూడా మారింది.
ఆఖరి గది, ఆఖరి పెట్టె, పాచిక మీద పంతొమ్మిది.
పెట్టెలో నాణేలు. కింద ఒకే వాక్యం:
నాలుగు నుంచి ఆరో లెవెల్ కథ వచ్చే వసంతంలో.

ఆ కంపెనీ మూతబడి అప్పటికి చాలా కాలం.
ఎవరూ ఏం మాట్లాడలేదు.
పాచికలు సంచుల్లోకి పోయాయి, ఒక్కొక్కటీ చప్పుడు చేసుకుంటూ.

మూడు గురువారాలు డెల్బర్ట్ రాలేదు.
నాలుగో వారం వచ్చాడు,
బూట్ల మంచు దులపకుండానే మెట్లు దిగి.
చంకలో డాకు వాళ్ళ లెక్కల పుస్తకం.
టన్నులు రాయాల్సిన గళ్ళలో పెన్సిలుతో గుహలు, వాగులు, ఒక మర.
పేజీలు లెక్కపెట్టాను, ముప్పై రెండు.
అట్ట వెనక కూడా రాశాడు, పద్ధతి తప్పని మనిషి:
ఆటగాళ్ళు నలుగురు.
లెవెల్, మనది ఎంతైతే అంత.

మొదటి పేజీ తిప్పాను.
మంచులో ఒక కుక్క నిలబడి ఉంది.
ఒంటికన్ను అని రాశాడు.
ఏ కన్నో రాయలేదు.

మార్గిట్ అప్పుడే చెయ్యెత్తింది.