తొంభై రోజుల ఉత్తరం

అయిదొందల మాటల్లో చెప్పమంటున్నారు
పన్నుల చట్టమే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అని.

రాత్రి పదకొండు.
మెయిన్ రాష్ట్రం కొసన, ఎర అమ్మే కొట్టు పైన నా ఆఫీసు.
హెర్రింగు చేపల ఉప్పు మెట్లెక్కి వచ్చి
వీలునామాల్లో, విడాకుల కాగితాల్లో పడుకుంటుంది.
పంతొమ్మిదేళ్లుగా ఈ ఊరికి వకీల్ని నేనొక్కదాన్నే.
తాగి ట్రక్కు నడిపినవాడికీ నేనే,
మరుసటేడు ఇంకో తగువులో
వాడు గుద్దిన కంచె గలాయనకీ నేనే.

మొదటి వాక్యం రాశాను:
"చిన్నప్పటి నుంచీ నాకు పన్నులంటే ఆసక్తి."
కొట్టేశాను.
చిన్నప్పుడు నా ఆసక్తల్లా ఐస్ హాకీ,
అందులోనూ మా అన్న ముక్కు.

పాత మార్కుల పట్టీ తెప్పించాను.
ఆదాయపు పన్ను: సి ప్లస్.
ఆ ప్లస్ ఎవరి దయో గుర్తులేదు.
సిఫారసుకి జడ్జి వించెన్‌బాని అడిగాను,
కోర్టు ధిక్కారమని ఒకప్పుడు నాకు యాభై డాలర్లు వేసిన మనిషి.
"ఓడిపోయాక కూడా ఈవిడ గొంతు తగ్గదు" అని రాశాడట.
పొగడ్తో తెగడ్తో బడివాళ్లే తేల్చుకోవాలి.
ఫీజు ఒక కొత్త డీజిల్ ఇంజను ఖరీదు.
మా ఆయన లెక్క వేసి చూసి, పెన్సిలు చెవిమీద పెట్టుకుని,
"బడిసంచీ కూడా కొనాలేమో" అన్నాడు.

ఇదంతా కాదు రాయాల్సింది.

ఆర్డిత్ క్రౌలీ.
భర్త మెర్ల్ నవంబరు నీళ్లలో పోయాడు,
పడవ తిరిగొచ్చింది, ఇంజను ఇంకా తిరుగుతూనే.
ఆరేళ్ల పన్ను పత్రాల మీద ఇద్దరి సంతకాలు.
నింపింది ఒక్కడు, దాచింది ఒక్కడు.
ఆమె వంటింటి బల్ల మీద సంతకం పెట్టింది,
చేతికి పిండి అంటుకుని ఉండగానే.

సర్కారు కవరు
డెబ్భై ఒకటో రోజున నా బల్ల మీదికొచ్చింది.
తొంభై రోజుల్లోగా పన్నుల కోర్టుకెక్కాలని అందులో ఉంది.
చదివాను.
చదివి, ఇక్కడి అలవాటు కొద్దీ
మర్యాదగా ఒక జాబు రాశాను:
"భర్త పోయిన మనిషి, కాస్త గడువు ఇప్పించగలరు."

మా కౌంటీ కోర్టులో గడువంటే తలుపు,
తడితే ఎవరో ఒకరు తీస్తారు.
అక్కడ గడువంటే సముద్రపు పోటు.
వేళకి వస్తుంది, వేళకి పోతుంది,
రేవులో ఎవరున్నారో చూడదు.
తీరాన పుట్టినదాన్ని, ఈ మాత్రం తెలియొద్దూ?

పడవ అమ్మేసింది.
తర్వాత లాబ్‌స్టర్ బోనులు, ఒక్కోటి పదిహేను డాలర్లకి.
ఇప్పుడు షెడ్డులో పీతల మాంసం ఒలుస్తోంది,
కూలి గంటల మీద కాదు, తూకం మీద.

అప్పుడే ఆమె వంటింట్లో కూర్చుని చెప్పాను,
తప్పు నాదని, నా మీద దావా వెయ్యొచ్చని.
కెటిల్ దించుతూ ఆర్డిత్ అంది కదా,
"నీ మీదా? వకీలుగా ఎవర్ని పెట్టుకోను, నొయెల్లా?"
నవ్వలేదు. తిట్టలేదు.
ఉన్న సంగతే అడిగింది.

ఆ ప్రశ్నని ఏ గడిలో నింపను?
ఇక్కడ వృత్తి అనుభవం అని ఒక గడి ఉంది,
బహుమతులు, గౌరవాలు అని ఇంకోటి.

నిన్న సాయంత్రం మెట్ల మీద రబ్బరు బూట్ల చప్పుడు.
ఆర్డిత్ చేతిలో ఇంకో కవరు, అంటించింది అంటించినట్టే.
"ఇవాళే వచ్చింది. తెరవలేదు."
గోళ్ల సందుల్లో పీతపెంకు తునకలు.
ఆమె ఎదుటే కవరు మీద తారీఖు వేశాను,
తారీఖు పక్కన ఒకటి అంకె వేసి
చుట్టూ సున్నా చుట్టాను.
అది చూసి, సరేనన్నట్టు, చేతితొడుగులు వేసుకుని దిగిపోయింది.

నాలుగవుతోంది.
కింద ఎవరో ఎర డ్రమ్ము దొర్లిస్తున్నారు.
కొట్టేసిన వాక్యం కింద ఇప్పటికి ఇదొక్కటే ఉంది:
"ఒక ఉత్తరం చదివాను, అర్థం కాలేదు."
ఇంకా నాలుగొందల తొంభై అయిదు మాటలకి చోటుంది.