సున్నం డబ్బ

ఎ గ్రూపులకు ఎక్కినమని
జహంగీర్ సారు ఫోను జేసినప్పుడు
నేను గ్రౌండుల సున్నం జల్లిస్తున్న.

బి గ్రూపుల ఏడేండ్లు.
జడ్చర్ల దాటితేనే దూరం పోయినట్టు.
ఒక్క జీపుల పన్నెండు మంది ఆడివిల్లలు,
జొన్నరొట్టె, పల్లీల పొడి,
తిరిగొచ్చేటప్పుడు ఒకర్ల మీద ఒకరు వడి నిద్ర.

ఇప్పుడు రోహ్‌తక్ అంట.
మ్యాపుల ఏలు ఎంత జరిపినా రాలే.
రైలు పైసలు పరీక్ష ఫీజుల కలుపుదమని
మీటింగుల ఒకాయన అన్నడంట,
లైబ్రరీ కప్పు కురుస్తుందని ఇంకొకాయన.
ఇద్దరిదీ నిజమే.

లారీల మ్యాటు దిగింది, నీలం పలకలు.
నడి గీత, బోనస్ గీత, లాబీ
ఇరవై రెండేండ్లు నేను వంగి గీసినయన్నీ
ముందే అచ్చు గుద్దుకొని వచ్చినయి.

కేతావత్ మంగ్లీ కాలు వెట్టి చూసింది.
"కుర్మయ్య మామా, ఇది జారుతుంది,
మన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటలే."
ఆ పిల్ల మోకాలి తోలు కింద
మా మొరం ఇంకా ఎర్రగనే ఉన్నది.

మొదటాట: యాభై మూడు, తొమ్మిది.
ఆ తొమ్మిదిల నాలుగు మంగ్లియే.
ఫోన్ల చూసిన. జనం లొల్లిల కూత వినరాలే,
పెదాలు ఆడుతున్నయి.
పాణం బిగవట్టి నేనూ ఆడిచ్చిన.

తెల్లారి అలవాటుకు డబ్బ చేతికొచ్చింది.
మ్యాటు ఆవల ఉత్త మొరం నేల.
బూట్లు లేని కొత్త పిల్లలు ఐదుగురు
గేటు కాడ నిలవడ్డరు.

నడి గీత కాన్నుంచి మొదలువెట్టిన.