ఒక అర ఖాళీగా

పంటు మీద టికెట్లు చింపేవాణ్ణి.
పొద్దున నర్సాపురం ఒడ్డు, పొద్దుగూకితే సఖినేటిపల్లి ఒడ్డు,
ఇరవై రెండేళ్లుగా మధ్యలో గోదారి.
మొహాలు గుర్తుండవు నాకు,
సామాను గుర్తుంటుంది.

మూడు రోజుల ఊరికి ముప్పై రోజుల భయం కుక్కి
మోకాలేసి జిప్పు లాగిన బ్యాగులు
పంటు ఎక్కేటప్పుడు చూడాలి,
మనిషినే అవి ఈడ్చుకుపోతుంటాయి.
ఒకాయన మూడు గొడుగులు తెచ్చాడు.
మూడెందుకండీ అంటే, పోతాయని, అన్నాడు.
పోయాయి,
మూడూ ఒకేసారి, ఒకే బ్యాగుతో.

సువార్తమ్మగారిది ఒకటే సంచి.
ఆకుపచ్చ కాన్వాసు,
పట్టీ తెగినచోట వలతాడుతో కుట్టింది.
లంకల్లో టీకాలేసే నర్సమ్మ.
మామూలు సోమవారమూ అదే సంచి,
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక పెట్టిన నాడూ అదే.

ఒకసారి పాటు మీద పంటు ఇసక మేటెక్కి కూచుంది.
పోటొచ్చేదాకా మూడు గంటలు.
ఏముంటాయండీ ఇందులో, అన్నాను పొద్దుపోక.
ఆవిడ కళ్లు మూసుకుంది.
చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసి
నా తుండుగుడ్డ మీద పేర్చింది.
చుట్ట చుట్టి రబ్బరు బ్యాండేసిన చీర,
డబ్బాలో అరసబ్బు,
టార్చి, కత్తెర.
బైబిలేదండీ అంటే
అది బుర్రలో ఉందయ్యా, బరువుండదు, అంది.
కళ్లు తెరవకుండానే అన్నీ లోపలికి పంపేసింది.

"లంకలో కరెంటు పోతే చెయ్యే చూడాలి.
అయినా వెళ్లేటప్పుడు నేను సర్దను.
వచ్చాక సర్దుతాను.
వాడింది తీసి, దాని చోట కొత్తది పెట్టి
అప్పుడెక్కుతాను మంచం."

ముందు అర ఉబ్బులేదు.
దాన్ని చూపించలేదేం?
"అందులో ఏం లేదు. ఏం లేకుండా ఉండాలనే."

సాయంత్రం తిరుగు పంటులో ఆ అరలోంచి
ఒకనాడు మునక్కాడలు తల బయటపెట్టేవి,
ఒకనాడు వరిగడ్డిలో చుట్టిన మూడు గుడ్లు.
ఒకనాడు ఏమీ లేదు.
ఆ రోజావిడ పంటు కొసన నీళ్ల వైపు తిరిగి నిలబడింది.
నేను టికెట్టుకి దగ్గరకెళ్లలేదు.

నీళ్ల మీద ఎండ అన్నేళ్లు చూస్తే
కళ్లు మజ్జిగవుతాయి.
కాకినాడ పెద్దాసుపత్రిలో ఆపరేషనన్నారు.
ఈ రెండు ఒడ్లూ తప్ప
మూడో ఊళ్లో రాత్రి పడుకోనివాణ్ణి.
ధనకుమారి, నేను రాత్రంతా సర్దాం.
దుప్పట్లు, ఆవకాయ సీసా,
విసనకర్ర, దానికి తోడు ఇంకో విసనకర్ర.
కుక్కరెందుకే అంటే
అక్కడ అన్నం ఎలా ఉడుకుతుందో ఏమో, అంది.
మూడు సంచులయ్యాయి, నాలుగోది నోరు తెరిచింది.

తెల్లారగట్ల లైటార్పేసి కూచున్నాను.
కళ్లు ఎటూ సగమే, ఆ సగమూ మూసేశాను.
సంచుల్లో చెయ్యి పెట్టి కెలికితే
చెయ్యి గుర్తుపట్టినవి ఐదు.
పంచె, తువ్వాలు, పళ్లపొడి,
పాలితిన్ కవర్లో ఆధార్ కార్డు,
ముడేసిన చిల్లర.
మిగతావన్నీ ధనకుమారి భయాలు.
నావీ ఉన్నాయిలెండి, ఒకటో రెండో విసనకర్రలు.
వాటిని ఇంటికి కాపలా పెట్టి
మనవరాలి పాత బడి సంచి భుజానేసుకున్నాను,
"కీర్తన, నాలుగు బి" అని రాసున్నది.

తొమ్మిదో రోజు తిరుగు పంటులో
మొదటిసారి నేను టికెట్టు కొన్నాను.
చింపిన కుర్రాడు నా మొహం చూడలేదు,
సంచి చూశాడు. పనికొస్తాడు.
నల్లద్దాలు కాస్త ఎత్తి చూస్తే
గోదారికి ఇంత నీలం ఉందా అనిపించింది.
ముందు అరలో ఎండు నెత్తళ్ల పొట్లం,
పక్క మంచం తాళ్లరేవాయన
వద్దన్నా కుక్కాడు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాను.
ఉతికిన పంచె చుట్ట చుట్టి పెట్టాను,
పళ్లపొడి నింపాను,
సంచి మేకుకి తగిలించబోతుంటే
మళ్లీ ఎక్కడికి, అంది ధనకుమారి.

ఎక్కడికీ లేదు.
ఆ ముందు అర ఒకటి ఇంకా నెత్తళ్ల వాసన,
తిరగేసి ఎండలో పెట్టాను.