చెరిసగం

డాక్టరుకి సగం చెప్పాను.
తాతబ్బాయి గారికి సగం చెప్పాను.
అబద్ధమైతే ఎవరికీ చెప్పలేదు.

అమలాపురం ఆస్పత్రిలో
కాగితం మీద అంకె చూసి
కౌన్సిలరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
ఆరేళ్ళుగా ‘కనబడలేదు’ అని వచ్చే చోట
నాలుగు అంకెలు,
బోదె గట్టున కప్పల్లా కూచుని ఉన్నాయి.

“మాత్రలు మానేశారా?”
“ఒక్క రాత్రీ మానలేదండి.”
“ఊరెళ్ళినప్పుడు?”
“లుంగీ మడతలో పెట్టుకెళ్ళానండి.”
“మర్చిపోయుంటారు.”
అరవై అడుగుల చెట్టెక్కి
ఏది లేతదో ఏది ముదిరిందో
గోటితో కొట్టి చెప్పేవాణ్ణి నేను.
మర్చిపోయేవాడు ఆ పైన బతకడు.
ఆ మాట అనలేదు. “లేదండి” అన్నాను.

డబ్బా బోర్లించి లెక్కపెట్టింది.
లెక్క సరిపోయింది.
సరిపోయిందనే ఆవిడ భయపడింది.

“ఆకూ, పసరూ, పొడీ... ఇంకేమన్నా?”

ఇంతకుముందూ అడిగే ఉంటారు.
నాటుమందు వాడరాదని
నా వెనక గోడ మీదే రాసుంది.
దాని కిందే తొమ్మిదేళ్ళు కూచున్నాను,
చదవాల్సి వస్తుందని అటు తిరక్కుండా.

శ్రావణంలో కడుపులో మంట.
చెట్టు మధ్యలో పులితేన్పు వస్తే
పట్టు జారుతుంది.
తాతబ్బాయి గారు అంతర్వేది నుంచి శంఖాలు తెప్పించి
నిమ్మరసంలో నానేసి, పిడకల్లో కాల్చి,
పాలకన్నా తెల్లగా నూరి ఇస్తారు.
“పడుకోబోయే ముందు, తేనెతో.
ఆస్పత్రి మందేమన్నా ఉందా అబ్బాయ్?”
“ఒక బిళ్ళండి.”
“దేనికి?”
“నీరసానికి.”

ఆ అరుగు మీద అన్న మాట
సాయంత్రానికి రేవు దాటుతుంది.
ఆ తర్వాత
నేను దించిన బొండాం ఎవరు తాగుతారు?

మంట తగ్గింది. అది నిజం.
రోజూ రాత్రి తొమ్మిదింటికి
ముందు బిళ్ళ, వెనకే పొడి,
ఒకే గ్లాసు నీళ్ళు.

“మీ పొడిలో ఉన్నది సున్నం” అంది కౌన్సిలరమ్మ.
“మాత్రని కడుపులోనే పట్టేసుకుంటుంది,
రక్తంలోకి పోనివ్వదు.”
సున్నానికి పట్టుకోవడమే తెలుసు.
మా తాత కట్టిన గోడ
మూడు తుఫాన్లకి కదల్లేదు.
ఇటికని పట్టుకున్నట్టే
నా మాత్రనీ పట్టుకుంది, పాపం,
దానికేం తెలుసు.

రెంటికీ గంటల ఎడం ఉండాలట.
ఇప్పటికి మాత్రం పొడి పూర్తిగా ఆపమంది.
మంటకి డాక్టరే వేరే చూస్తాడట.
మూడు నెలలకి మళ్ళీ రక్తం.
“ఇచ్చినాయనకి కూడా చెప్పండి” అంది,
ఉప్పు తెమ్మన్నంత తేలిగ్గా.

చెప్పాను.
అరుగు మీద కాదు, పెరట్లో, పుటం గుంట పక్కన.
తాతబ్బాయి గారు మాత్ర అడిగి
అరచేతిలో దొర్లించి వాసన చూశారు.
“వాసనే లేదు.
వాసన లేని మందుని నేనెప్పుడూ నమ్మలేదు.”
చాలాసేపు ఊరుకున్నారు.
“ఎన్నేళ్ళు?”
“తొమ్మిదండి.”
“తొమ్మిదేళ్ళు మోసిందా నిన్ను, ఇదీ!”
మాత్ర నా చేతిలో పెట్టి
తన చేయి పంచెకి తుడుచుకున్నారు,
తుడుచుకున్నాక నా మొహం చూసి
“బూడిద, బూడిదరా” అన్నారు.
నమ్మాను. సగం.

లోపలికెళ్ళి ఖాతా పుస్తకం తెచ్చి
నా పేరెదురుగా ఉన్న మోతాదు కొట్టేశారు.
“పెరట్లో బొండాలు ముదిరిపోతున్నాయి,
ఆదివారం వచ్చి దించు.
నాకొకటి అక్కడే కొట్టివ్వు.”

ఇంటికొచ్చేసరికి అమ్మాజీ
పొడి డబ్బాతో పాటు
తను తాంబూలంలో రాసుకునే
సున్నం కాయ కూడా అటక మీద దాచేసింది.
“అది నీది కదే, నన్నేం చేస్తుంది?”
“ఏమో,
ఏదైనా సున్నమే కదా” అంది,
ఉత్త ఆకు నములుతూ.