దశరథ్ చొక్కా

ఏప్రిల్ మొదటి సోమవారం
ఆఫీసులో ఖాకీ చొక్కా ఇచ్చారు.
జేబు మీద ఎవరిదో పేరు: కె. దశరథ్.
పోయినేడు గైడట.
కుట్లు విప్పితే బట్ట చిరిగేట్టుంది,
అలాగే తొడుక్కున్నాను.
డెబ్బై అయిదు రోజులు నేను దశరథ్‌నే.
"దశరథ్ మేడమ్, పులి ఎప్పుడొస్తది?"

పులి లేదు.
హైవే మీద లారీ హారన్లకు
చెవి కూడా తిప్పని కృష్ణజింకలున్నాయి.
గోడ అవతల ఆటోనగర్‌లో
రేకు మీద సుత్తి పడే చప్పుడు.
గోడ ఇవతల
ఎండుటాకు మీద తునికిపండు పడే చప్పుడు.
రెండూ వినిపిస్తాయి,
రెండోదానికి కాస్త ఆగాలి.
ఇలా చెప్తే బడిపిల్లలు నిజంగానే ఆగుతారు,
రెండు క్షణాలు.
మూడో క్షణంలో ఎవరో చిప్స్ ప్యాకెట్ చింపుతారు.

నా చేతిలో నాలుగు పేజీల కాగితం.
రేలచెట్టు దగ్గర పూత గురించి,
పుట్ట దగ్గర చెదల గురించి,
ఏ మలుపులో ఏం చెప్పాలో అంతా రాసుంది.
వాచర్ గాలయ్యకు కాగితం లేదు.
పొద్దున్నే ట్యాంకర్ పైపు భుజాన వేసుకుని
సాసర్ గుంత అంచున బురదలోకి వంగి చదువుతాడు:
"ఈమె రాత్రొచ్చింది. పిల్ల ఎంబడే ఉన్నది.
పిల్ల తాగలే. ఎందుకో బెదిరింది."
నేను వంగితే బురదే.
మే సగమయ్యాక
నాకూ ఒక్క గీత కనబడింది,
ఉడుము తోక ఈడ్చుకుపోయిన గీత.
ఆ సాయంత్రం ఎల్బీనగర్ బస్సులో
సీటు దొరక్కపోయినా నవ్వుకున్నాను.

నలభై మూడు డిగ్రీల రోజున
ఒకే ఒక్క కుటుంబం వచ్చింది.
అడవి కదా, చల్లగా ఉంటుందనుకున్నారట.
చిన్నోడు ఆగి, వేలు చూపించి,
"ఈ గుండు మీద ఆ గుండు ఎవలు పెట్టిండ్రు?"
కాగితంలో ఉంది జవాబు:
గ్రానైట్, రెండువందల యాభై కోట్ల ఏళ్లు,
పగుళ్లు, వాన, గాలి.
నాలుక పిడచకట్టి అంత చెప్పలేక
"ఎవరూ పెట్టలేదు నాన్నా.
చుట్టూ ఉన్నదంతా పోయింది.
ఇది మిగిలింది" అన్నాను.
వాడు సరేనని జింకల వైపు పరుగెత్తాడు.
వాడి నానమ్మ మాత్రం
గుండుకు అరచెయ్యి ఆనించి
అక్కడే ఉండిపోయింది.
కాలుతుందమ్మా, అన్నాను.
"కాలనియ్ బిడ్డా."

ఆ రాత్రి కాగితంలో ఆ మలుపు దగ్గర
పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టాను.
పక్కన ఏం రాయాలో తోచలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం
మబ్బు పట్టింది, దుమ్ము లేచింది,
ఆ తర్వాత కుండపోత.
తెల్లారి గుంత చుట్టూ ఒక్క అడుగు లేదు.
"అన్ని మలిగినయ్" అన్నాడు గాలయ్య,
పలక తుడిచిన పంతులులా నింపాదిగా.
"మళ్ల రాస్తయ్ తియ్."

వానలొస్తే గైడ్ పని అయిపోయినట్టే.
చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి తీసుకెళ్లాను.
గుమాస్తా వెలుతురుకు పట్టి చూసి
మోచేతి దగ్గర చిరుగుకు
నూటయాభై కోశాడు.
తుమ్మముల్లు, అన్నాను.
ఏ మలుపులో అని
అతను అడగలేదు.