ఐదు కుట్లు

కాజీపేట యార్డుల
ఆగి ఉన్న గూడ్సు డబ్బా మీదికెళ్లి
ఎనిమిదేండ్లప్పుడు పడ్డ నేను.
గదువ కింద ఐదు కుట్లు.
రైల్వే దవాఖానల కాంపౌండర్ అజీముద్దీన్
దారం కొస కత్తిరించుకుంటనే అన్నడు:
"ఓదెలూ, నీ పోరడు ఏడ్వనే లేదు గదనయ్యా!"
నాయిన కొనిచ్చిన బిస్కెట్
చేతులనే సగం వాననీళ్లకు నానింది.

ఈ ముచ్చట ఎందరికి చెప్పిన్నో.
నౌకరీ ఇంటర్వ్యూల చెప్పిన,
పెండ్లయిన కొత్తల లక్నవరం కట్ట మీద చెప్పిన,
గడ్డం గీసే మొండయ్యకు నెలకోసారి చెప్పిన,
"జర పైలం, ఆడ కుట్లున్నయ్."
కత్తి ఆడికి రాంగనే ఆయన చెయ్యి నెమ్మదయ్యేది.
చెప్పినప్పుడల్లా వాన కొంచెం పెరిగింది,
డబ్బా కొంచెం ఎత్తయింది.

మొన్న హన్మకొండల
పండ్ల డాక్టర్ కాడ నంబర్ కోసం కూసున్నం.
సారక్క గదువ పైకెత్తింది.
"గూడ్సు మీదికెళ్లి పడ్డగదరా, గీడనే.
నువ్వప్పుడు ఇంట్లనే ఉంటివి,
ఒంటినిండ అమ్మవారు పోసి,
వేపాకుల మీద పండి."

నవ్విన.
లోపట్నుంచి నంబర్ పిలిచిన్రు. అక్క లేచిపోయింది.
నవ్వు నా మూతి మీదనే ఉండిపోయింది,
ఎవరో మర్చిపోయిన చెత్రి లెక్క.

రాత్రి గడ్డమంత తీసేసి అద్దంల వెతికిన.
కుట్లు లేవు.
శనగ గింజంత గుంట ఒక్కటి,
అమ్మవారు పోతూ పోతూ పెట్టిపోయిన గురుతు.

యాదిని మళ్ల మొదటికెళ్లి నడిపించిన.
వాన. కంకర. ఇనుము వాసన.
కాలు జారింది.
అప్పుడు కనబడ్డది, నా వీపు.
పడుతున్న నా వీపు నాకెట్ల కనబడుతది?
ఇన్నేండ్లు ఎన్నడు అడగలే.
ఇగ ఆ రాత్రి నుంచి ఎప్పుడు చూసినా
ఆ వీపు మీద తడిసిన జడ ఉంటున్నది.
అది ముందట్నుంచే ఉన్నదో,
అద్దం ముందట నిలబడి నేనే అల్లిన్నో.

నాయిన పోయిన నాడు
అందరు ఏడుస్తుంటే నేను టెంటు కిరాయి లెక్క చూసిన.
"రాజీరు గట్టి మనిషి" అన్నరు.
అనరా మరి,
ఐదు కుట్లకు ఏడ్వని పోరన్ని.
ఒక్క పోగు గుంజితే
ఎంత అంగీ ఊడుతదో తెల్వదు.
గుండీల దాకనా, మెడ దాకనా.

అక్కకు ఫోన్ చేసిన.
"నువ్వు ఏడ్వలేదట గదనే?"
"ఎవడన్నడురా? దవాఖాన లేచిపోయేటట్టు ఏడ్సిన.
నాలుగు కుట్లేసింది నర్సమ్మ.
కాంపౌండర్ ఎవడు?"

మరి ఏడ్వని పోరడెవడు?
జ్వరంల, వేపాకుల మీద,
ఇంట్ల ఒక్కడే ఉన్నోడు
అందరు దవాఖానకు ఉరికిన ఆ పొద్దు
తనకోసం కూడా ఎవరన్న ఒక దెబ్బ దాచి తెస్తరని
చూసిండేమో.
ఏమో. ఇది కూడా ఇప్పుడే కుడుతున్న.

ఆదివారం అక్క ఇంటికి పోయి
ట్యూబులైటు కింద లెక్కవెట్టిన.
ఆమె నాలుగంటది, నేను ఐదన్న,
ఆరున్నయి.
"సక్కగ చూడరా" అన్నది.
మళ్ల చూడలే.

నిన్న మొండయ్య దుకాణం.
కత్తి గదువ కిందికి రాంగనే
చెప్పకముందే ఆయన చెయ్యి నెమ్మదయింది.
చెప్దామనుకున్న.
తల ఇంకింత పైకెత్తి
కండ్లు మూసుకున్న.