అడుసు

చర్చి చూద్దామని వెళ్ళాను.
రెండు వందల అరవై ఏళ్ళదట,
స్పెయిన్ నుంచి ఓడలో వచ్చిన గంట ఉందట,
లోపలి కొయ్య మేరీమాతకు నిజం జుట్టేనట.
న్యూ మెక్సికోలో, కొండ దిగాక చివరి ఊరు.
కారు ఆపి చూస్తే
గోడకు నాలుగు నిచ్చెనలు,
నిచ్చెనల మీద ఊరంతా.

తాళంచెవి ఓనోఫ్రే దగ్గరుంది,
ఓనోఫ్రే గడ్డిమోపులకు పోయాడు,
వచ్చేదాకా ఊరికే నిలబడతావా, అంది కసిల్దా.
డెబ్బై దాటిన మనిషి, మగవాళ్ళ బూట్లు,
మోకాళ్ళదాకా గుంటలో దిగి ఉంది.
జవాబు కోసం ఆగలేదు. బాల్చీ చేతికిచ్చింది.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అని
నాకు చెప్పినవాళ్ళెవరూ ఈ గోడను చూడలేదు.
ఇక్కడ ఏటా జూన్‌లో తొక్కుతారు, ఏటా కడుక్కుంటారు,
ఏటా వాన తన వాటా పట్టుకుపోతుంది.
ఎర్రమట్టి, ఇసుక, తరిగిన గోధుమగడ్డి.
పగిలితే ఇసుక చాలలేదని,
రాలితే ఎక్కువైందని.
తాపీ వద్దంటుంది కసిల్దా. అరచెయ్యే.
"పిల్లాడి వీపు రుద్దినట్టు రుద్దు."

ఆమె తండ్రి కాలంలో ఒకసారి
ఏటేటా ఈ చాకిరీ ఏమిటని
పెద్దలు కూడి సిమెంటు పూయించారట.
నున్నగా, బూడిదరంగులో, బ్యాంకులా ఉండేదట.
లోపల నీరు చేరి పచ్చి ఇటుక
నానిన రొట్టె అయిపోయింది.
ఎవరిదో పెళ్ళిలో, ప్రమాణాల మధ్య,
గోడలోంచి ఎలుక తల బయటపెట్టిందట.
ఆ కథకు నిచ్చెనల మీద కూడా నవ్వుతారు.

బెలెన్ నవ్వలేదు.
ఏటి అవతలి ప్యూబ్లో నుంచి వచ్చింది.
"మొదటి గోడ లేపింది మావాళ్ళు.
దేవుడికి కాదు, కొరడాకు."
అని, కింద రాలిన ముద్ద ఏరి
మళ్ళీ గోడకే కొట్టింది.
మరి నువ్వెందుకొచ్చావని
అడగబోయి, బాల్చీ నింపుకొచ్చాను.

ఉత్తరం వైపు పాత పూత గీకుతుంటే
చెయ్యి ఒకటి బయటపడింది.
ఐదు వేళ్ళు, చిన్నవి,
బొటనవేలు కాస్త పక్కకు జారి.
ఎవరిదో. ఎన్ని పొరల కిందిదో.
ఫోను తీశాను.
తెరలో అది కుదురుకునేలోపే
కసిల్దా ముద్ద అద్ది మెత్తేసింది.
"అయ్యో" అన్నాను, తెలుగులోనే.
ఆమెకు అర్థమైంది.
"డిసెంబరులో ఇక్కడ మంచు పడుతుంది" అంది.

పొద్దు వాలాక ఓనోఫ్రే వచ్చాడు.
గడ్డి తెచ్చాడు. తాళంచెవి
ఇంకో చొక్కా జేబులో ఉండిపోయిందట.
అందరూ కలిసి తిట్టారు,
నాకు చిక్కుడుగింజలూ మిరప పులుసూ పెట్టారు.

అంచేత గంట ఎలా ఉంటుందో,
ఆ జుట్టు నిజమో కాదో నన్నడగొద్దు.
దక్షిణం గోడ, కిటికీకి ఎడమన, నడుమెత్తున
గతుకులుగా ఉన్న జానెడు నాది.
వచ్చే వానలకు అదీ ఉండదు.

దారిలో పెట్రోలు బంకు.
చిల్లర ఇస్తూ కుర్రాడు నా మోచేతిని చూశాడు,
ఎండి నెర్రెలిచ్చిన మట్టిని.
"ఇసుక చాలలేదు" అన్నాడు.